ఆన్‌లైన్‌లో 175, షాపులో 280.. ఆ తేడా ఎటు పోతోంది?

మా వైపు బేరం ఇప్పుడు నోటితో ఆడటం తగ్గింది. ఫోన్‌తో ఆడుతున్నారు. బేరింగ్ రేటు చెప్పగానే ఎదుటివాళ్ల బొటనవేలు స్క్రీన్ మీద నాలుగుసార్లు తిరుగుతుంది. తర్వాత ఫోన్ మన వైపు తిరుగుతుంది. "ఇదేగా అండి? ఇక్కడ 175 చూపిస్తోంది. మీరు 280 అంటారేంటి?"

న్యాయమైన ప్రశ్నే. చెప్పులూ, చార్జర్లూ నేనూ అలాగే కొంటాను. కానీ ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన కుర్చీలో కూర్చుంటే సంగతి వేరేగా ఉంటుంది. పాలకొల్లు, భీమవరం మధ్య రోడ్డు పక్కన మా బాబాయికి ఓ చిన్న షాపు ఉంది. మోటార్ల వైండింగ్, ఏరియేటర్ల గేర్‌బాక్సులు, వెనకాల ఒక పాత లేత్ మిషన్. చదువు అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్న ఈ ఏడాదిలో కౌంటర్ నాకప్పగించాడు. నా పని బిల్లులు రాయడం, ఫోన్లు ఎత్తడం, ఫోన్ చూపించినవాళ్లకు సమాధానం చెప్పడం.

మొదటి నెలలోనే నాకు ఒక అనుమానం వచ్చింది. ఈ 280 అనే అంకె బాబాయి నోట్లోంచి ఎలా వస్తోంది? ఎక్కడా రాసి లేదు. ఒకే బేరింగ్ ఒకరికి 280, ఇంకొకరికి 260, మూడో ఆయనకు "ముందు తీసుకెళ్లండి, తర్వాత చూద్దాం". అందుకని రెండు నెలల పాటు ప్రతి పనినీ ఫోన్‌లో ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కించాను. ఏ సామాను ఎంతకు కొన్నాం, ఎంతకు అమ్మాం, ఎన్ని గంటలు పట్టింది, డబ్బు ఎప్పుడొచ్చింది. అందులో తేలినవే ఇక్కడ చెబుతున్నాను. రేట్లు మా ఒక్క షాపువి. మీ ఊళ్లో వేరేగా ఉండొచ్చు. లెక్క మాత్రం దాదాపు అన్ని చిన్న రిపేరు షాపుల్లోనూ ఒకటే.

తెల్లవారుజాము సరుకు

చెరువుల గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. 2009లో వనామీ రొయ్యకు దేశంలో అనుమతి వచ్చాక మన డెల్టా రూపమే మారింది. ఉండి, ఆకివీడు, నరసాపురం వైపు బస్సులో వెళ్తే రోడ్డుకు రెండు పక్కలా నీళ్లు చిమ్ముతూ తిరిగే చక్రాలు కనిపిస్తాయే, అవే ఏరియేటర్లు. మోటారు నిమిషానికి 1,400 చుట్లకు పైగా తిరుగుతుంది. ఆ వేగాన్ని గేర్‌బాక్సు సుమారు వంద చుట్లకు తగ్గించి చక్రాలకు ఇస్తుంది. నీళ్లలోకి గాలి కలుస్తుంది.

పగలు నీళ్లలోని నాచు ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి అదే నాచు, రొయ్యలతో పాటు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకే నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారే ముందు. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గకుండా చూసుకోవాలని రైతులు తాపత్రయపడతారు. చెరువు నిండా రొయ్య ఉన్నప్పుడు సరిగ్గా ఆ టైములో మోటారు ఆగిపోతే నాలుగు నెలల పెట్టుబడి నీళ్ల మీద తేలుతుంది.

ఇంత కథ ఎందుకు చెప్పానంటే, బేరింగ్ ధరలో సగం ఈ టైములోనే ఉంది. ఆన్‌లైన్‌లో 175కి దొరికే బేరింగ్ ఎల్లుండి వస్తుంది. మా అరలో ఉన్నది రెండు గంటలకు కూడా వస్తుంది. మధ్యాహ్నం రెండు కాదు.

అదొక్కటే చెప్పి తప్పించుకుంటే మాత్రం నేను మీకు సగమే చెప్పినట్టు. పట్టపగలు, ఏ తొందరా లేకుండా వచ్చినాయనకు కూడా బాబాయి 280 అనే అంటాడు కదా.

ఒక గేర్‌బాక్సు బిల్లు విప్పి చూద్దాం

షీట్‌లోంచి ఒక మామూలు పని తీసుకుందాం. గేర్‌బాక్సు మోత చేస్తోంది, ఆయిల్ కారుతోంది. విప్పి రెండు బేరింగులు, ఒక ఆయిల్ సీల్ మార్చి, కొత్త ఆయిల్ పోశారు. బేరింగులు ఒక్కోటి 280 చొప్పున 560, సీల్ 90, ఆయిల్ 120. సామాను 770. లేబర్ 250. మొత్తం 1,020 రూపాయలు.

ఇప్పుడు మాకు పడింది. విజయవాడ నుంచి పార్సిల్ ఖర్చుతో కలిపి బేరింగ్ 180. గమనించారా? మేం కొనే ధరే ఆన్‌లైన్ ధర కంటే ఐదు రూపాయలు ఎక్కువ. వేలల్లో కొనేవాడికీ పదులు కొనేవాడికీ ఒకే రేటు రాదు. రెండు బేరింగులు 360, సీల్ 45, ఆయిల్ 85. కలిపి 490. అంటే ఈ పనిలో షాపుకు మిగిలింది 530.

అందులో హెల్పర్ కుర్రాడి కూలి ఉంది. గంటకు 60 లెక్కన రెండు గంటలకు 120. అద్దె, కరెంటు, కిరోసిన్, పాత గుడ్డలు, నెలకోసారి విరిగే పుల్లర్.. వీటిని నెల పనుల మీద పంచితే ఈ పని వాటాకు ఓ 70. పోగా 340. బాబాయి రెండు గంటల పనికి అది. గంటకు 170 రూపాయలు. ముప్పై ఏళ్ల చెయ్యి అది. శబ్దం విని ఏ బేరింగ్ పోయిందో చెబుతాడు.

ఇప్పుడు అదే పనికి సామాను కస్టమరే ఆన్‌లైన్‌లో తెచ్చుకున్నాడనుకోండి. షాపుకు వచ్చేది 250 లేబర్ ఒక్కటే. కూలి, ఖర్చులు 190 పోతే మిగిలేది 60. గంటకు 30 రూపాయలు. పక్కన టీ కొట్టులో గ్లాసులు కడిగినా ఇంతకంటే ఎక్కువ వస్తుంది.

షీట్‌లో ఈ రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే బాబాయి ఆశ్చర్యపోలేదు. "నాకు తెలుసురా. లేబర్ 500 అని చెప్పు, ఎవడన్నా ఇస్తాడేమో చూద్దాం. అదే 250 లేబర్ వేసి, ఆ మిగతాది సామాను మీద వేస్తే నోరెత్తకుండా ఇస్తారు. వస్తువు చేతికొస్తే డబ్బు ఇచ్చినట్టుంటుంది. చేతి పని కళ్లకు కనపడదు కదా."

అసలు కిటుకు ఇదే. మన చిన్న షాపుల్లో స్పేర్ పార్ట్ ధర అంటే ఆ పార్ట్ ధర ఒక్కటే కాదు. అందులో సగం మేస్త్రీ జీతం దాక్కుని ఉంటుంది. జనం పనికి డబ్బివ్వడానికి వెనకాడతారు కాబట్టి పనిని తీసుకెళ్లి వస్తువులో దాచారు. ఇన్నాళ్లూ అది నడిచింది, ఎందుకంటే వస్తువు అసలు ధర ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు ఫోన్ ఉంది. దాచిన చోటే వెలుతురు పడింది.

లాభం శాతం మాట వస్తే చాలామంది ఒక చోట తికమకపడతారు. 180కి కొని 280కి అమ్మితే కొన్న ధర మీద 55 శాతం పైమాటే. అమ్మిన ధర మీద చూస్తే 36 శాతం లోపు. బేరమాడేవాడు మొదటి అంకె చెబుతాడు, షాపువాడు రెండోది చెబుతాడు. ఇద్దరిదీ నిజమే, గొడవ మాత్రం తెగదు.

ఇంకో సంగతి. చిన్న సామాను మీద శాతం ఎక్కువ, పెద్ద సామాను మీద తక్కువ. రెండు రూపాయల సర్‌క్లిప్ పది రూపాయలకు పోతుంది. కొత్త మోటారు అమ్మితే వందకు ఆరో ఏడో మిగిలితే గొప్ప. అన్యాయంగా కనిపిస్తుంది గానీ, ఆ రెండు రూపాయల క్లిప్ కోసం డబ్బాలు వెతికి, సైజు కొలిచి, చీటీ రాసి ఇవ్వడానికి పట్టే టైము పెద్ద సామానుకు పట్టే టైమంతే.

అరలో ముసలైపోయే సామాను

షాపు వెనక గోడకు ఒక పెద్ద అర ఉంది. బాబాయి దాన్ని సరదాగా "శ్మశానం" అంటాడు. మోడల్ మారిపోయిన గేర్లు, పళ్ల లెక్క వేరే అయిపోయిన పినియన్లు, కంపెనీయే లేకుండా పోయిన స్టార్టర్ల కాయిల్స్. ఎప్పుడో ఎవరికో అవసరమవుతాయని తెచ్చినవి. అమ్ముడుపోయిన పది సామాన్ల లాభంలోంచి అమ్ముడుపోని ఒకటి తింటూనే ఉంటుంది. ఆన్‌లైన్ ధరలో ఈ అర లేదు. మా 280లో ఉంది.

గ్యారంటీ కూడా ఉంది. మేం వేసిన బేరింగ్ నెల తిరక్కుండా మోత మొదలుపెడితే మళ్లీ విప్పి, కొత్తది వేసి, పైసా తీసుకోకుండా పంపుతాం. కాగితం మీద ఎక్కడా రాయం. మాటే.

పైగా స్టాండ్‌బై మోటారు. కాలిపోయిన మోటారు తెస్తే వైండింగ్ పూర్తయ్యేదాకా చెరువు ఆగదు కాబట్టి, పాత ఖాతాదార్లకు మా దగ్గరున్న నాలుగు మోటార్లలో ఒకటి ఇచ్చి పంపుతాడు. అద్దె లేదు. షీట్ రాసేటప్పుడు ఈ వరుసలో ఎంత వేయాలో అడిగితే "అది రాయకు" అన్నాడు. నేను సున్నా వేశాను.

మీరు తెచ్చుకున్నది వేస్తాం గానీ..

సొంతంగా సామాను తెచ్చుకునేవాళ్లు పెరుగుతున్నారు. ఇది మా ఒక్క ఊరి తలనొప్పి కాదు. అమెరికాలో తుపాకులు బాగుచేసే చిన్న షాపుల వాళ్లు కూడా ఇదే మాట అంటారు: కస్టమర్ ఇంటర్నెట్‌లో పార్ట్ కొని తెస్తాడు, అది సరిగ్గా కూర్చోదు, ఆకురాయితో రుద్ది కూర్చోబెట్టాల్సింది మెకానిక్, తేడా వస్తే తిట్లు తినేదీ మెకానికే. (మన దేశంలో తుపాకీ రిపేరు చేయాలంటే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాలి. కాబట్టి ఆ బేరం గోదావరి జిల్లాల్లో మీకు తగిలే అవకాశం తక్కువ.) బండి మెకానిక్‌ను అడగండి, ఏసీ మెకానిక్‌ను అడగండి, ఇదే కథ.

ఇబ్బంది సామానులో ఎలా వస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. బేరింగ్ మీద 6205 అని ఉంటుంది. చివరి రెండంకెలను ఐదుతో గుణిస్తే లోపలి రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లో వస్తుంది. 05 అంటే 25, 06 అంటే 30. ఇది 04 నుంచి పైకి పనికొచ్చే చిట్కా, గుర్తుపెట్టుకోండి. అయితే నంబరు కలిసినంత మాత్రాన సరిపోదు. దాని పక్కన 2ఆర్‌ఎస్ అని ఉంటే రెండు పక్కలా రబ్బరు సీలు, జెడ్‌జెడ్ అని ఉంటే రేకు మూత. చెరువులో ఉప్పునీళ్లు చిమ్మే చోట రేకు మూతది వేస్తే నీరు లోపలికి పోవడానికి ఎక్కువ రోజులు పట్టదు. ఆన్‌లైన్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి, రేకుది ఒక్కోసారి ఓ పదిహేను రూపాయలు తక్కువ కూడా ఉంటుంది.

షాఫ్టు సంగతీ అంతే. "స్టెయిన్‌లెస్ స్టీల్" అనే మాట ఒక్కటే రాస్తారు. అందులో 304 ఉంటుంది, ఉప్పును ఇంకా బాగా తట్టుకునే 316 ఉంటుంది, చవగ్గా వచ్చే 202 కూడా ఉంటుంది. అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుందని యూట్యూబ్‌లో చెబుతుంటారు. పూర్తిగా తెలియదు. 202 కూడా మామూలుగా అయస్కాంతానికి అతుక్కోదు. ఆరు నెలల ఉప్పునీళ్లే చెబుతాయి ఏది ఏదో.

కొత్తగా వచ్చిన ఒక కుర్ర రైతు, ఇంజినీరింగ్ చదివి చెరువు చేస్తున్నవాడు, మొన్న బేరింగులూ సీలూ ఆయిలూ అన్నీ ఆన్‌లైన్‌లో తెచ్చుకుని వచ్చాడు. బేరింగులు 350, సీల్ 60, ఆయిల్ 100. మొత్తం 510. బాబాయి లేబర్ 500 అన్నాడు. కుర్రాడు ఫోన్‌లో కూడి చూసుకున్నాడు. 1,010. మా సామాను వేసుంటే 1,020.

"పది రూపాయల కోసమా అండి ఇదంతా?" అన్నాడు నవ్వుతూ.

"ఆయ్, ఆ పది రూపాయలకే గ్యారంటీ పోయిందండి," అన్నాడు బాబాయి.

ఇద్దరూ నవ్వుకున్నారు. పని జరిగింది. అయితే అందరితో ఇంత తేలిగ్గా జరగదు. "సామాను నాదే కదా, తిప్పడానికి 500 ఏంటి" అని బయటికెళ్లి, నలుగురిలో దోపిడీ అన్నవాళ్లూ ఉన్నారు. ఆ మాట బాబాయిని రెండు రోజులు నమిలింది.

పాత రాగి ఎవరిది?

బేరింగ్ కంటే పెద్ద గొడవ రాగి మీద ఉంటుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు ఆగకుండా మిగతా రెండింటి మీద మూలుగుతూ తిరుగుతుంది. కరెంటు ఎక్కువ లాగుతుంది, వేడెక్కుతుంది, కాలిపోతుంది. వర్షాకాలంలో మాకు వచ్చే మోటార్లలో ఇలా కాలినవే ఎక్కువ. అప్పుడు పాత తీగంతా పీకి, ఎన్ని చుట్లు ఉన్నాయో, ఏ గేజో రాసుకుని, కొత్త కాయిల్స్ చుట్టి, కాగితం పెట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టాలి.

కొత్త రాగి తీగ కిలో లెక్కన వస్తుంది. దాని ధర మా చేతుల్లో లేదు, విజయవాడ హోల్‌సేలర్ చేతుల్లోనూ లేదు. లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్‌లో 2024 మేలో టన్ను రాగి 11,000 డాలర్లు దాటింది. ఆ వారంలో మా దగ్గర మోటారు ఇచ్చి వెళ్లినాయన, వచ్చే వారం తీసుకెళ్లేటప్పుడు "పోయినసారి ఇంత కాదే" అంటే లండన్ పేరు చెప్పాలి. నమ్ముతారా?

మరి పీకిన పాత రాగి? దాన్ని తుక్కుగా అమ్మితే మంచి డబ్బే. కొన్ని షాపుల్లో రేటు తక్కువ చెప్పి పాత రాగి ఉంచేసుకుంటారు. కొన్నిచోట్ల పాత రాగి తూచి బిల్లులో తగ్గిస్తారు. రెండూ న్యాయమే, ముందే చెబితే. చెప్పకుండా ఉంచేసుకోవడం మాత్రం న్యాయం కాదు. ఈ విషయంలో మా వృత్తివాళ్లను వెనకేసుకురాను. రాగి మోటారులో అల్యూమినియం తీగ చుట్టి రాగి బిల్లు వేసేవాళ్లున్నారు. నకిలీ బేరింగ్ అసలు డబ్బాలో పెట్టి ఇచ్చేవాళ్లున్నారు. బాగున్న కెపాసిటర్ మార్చేసి పాతది ఇంకొకరికి అమ్మేవాళ్లూ ఉన్నారు. ఫోన్ తిప్పి చూపించే కస్టమర్ ఊరికే పుట్టలేదు. ఇలాంటివాళ్ల దగ్గర దెబ్బతిని వచ్చాడు.

కాబట్టి షాపుకు వెళ్తే ఏం అడగొచ్చో కూడా చెబుతాను. పాత సామాను తిరిగివ్వమని అడగండి. అది మీదే. డబ్బా మీద ఎంఆర్‌పీ చూడండి. అన్ని పన్నులూ కలిపిన ధర అది, అంతకు మించి ఆ వస్తువుకు అడగకూడదు. లేబర్ వేరే. బిల్లు అడగండి. కాంపొజిషన్ స్కీమ్‌లో ఉన్న చిన్న షాపు బిల్లులో జీఎస్టీ విడిగా వసూలు చేయకూడదు, వేస్తే అడగండి. ఎస్‌కెఎఫ్ లాంటి పెద్ద బేరింగ్ కంపెనీలకు అసలుదో కాదో చూసే యాప్‌లున్నాయి. మరీ మోసపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. షాపువాడి అన్నకొడుకునై ఉండి ఇవి చెబుతున్నానేంటని బాబాయి అనలేదు. "బిల్లు పుస్తకం తెచ్చుకోవాలైతే," అన్నాడంతే.

ఇంకోవైపు, బయటి మెకానిక్‌లు అసలు లేకపోతే ఏమవుతుందో కూడా చూశాం. స్పేర్ పార్టులనూ, రిపేరు వివరాలనూ బయటివాళ్లకు అందనివ్వట్లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,500 కోట్లకు పైగా జరిమానా వేసింది. తర్వాత అప్పీళ్లు నడిచాయి, అది వేరే సంగతి. 2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ కూడా తెచ్చింది. కంపెనీ షోరూములో పార్ట్ ధర చూసి గుండె పట్టుకుని, పక్క సందులో మెకానిక్ దగ్గరికి పరిగెత్తిన అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది.

ఖాతా పుస్తకంలో ఉన్నది అంకె కాదు

నా షీట్‌లో అన్నిటికంటే నన్ను ఆపేసిన వరుస చివరిది. డబ్బు ఎప్పుడొచ్చింది అనేది.

చెరువుల పని మొత్తం అరువు మీదే నడుస్తుంది. పిల్ల, మేత, మందులు, చివరికి మోటారు రిపేరు కూడా. "పట్టుబడి అవగానే ఇచ్చేస్తానండి" అంటారు. పట్టుబడి అయితే ఇస్తారు, చాలామంది మాట తప్పరు. కాకపోతే పట్టుబడి రేటు ఎక్కడో తేలుతుంది. మన రొయ్యలకు అమెరికా పెద్ద మార్కెట్. 2025 ఆగస్టు 7న భారత సరుకు మీద అక్కడ 25 శాతం అదనపు సుంకం పడింది, అదే నెల 27న ఇంకో 25 కలిసి 50 అయింది. ఆ వార్త టీవీలో వచ్చిన సాయంత్రం మా షాపులో కూర్చున్న నలుగురు రైతుల్లో ఎవరూ మాట్లాడలేదు. ఒకాయన తన మోటారు వైండింగ్ ఆపేయమన్నాడు. "ఈసారి చెరువు ఎండగడతానేమో మేస్త్రీ, చూద్దాం."

ఆ తర్వాతి నెలల్లో మా పుస్తకంలో బాకీలు పెరిగాయి. హోల్‌సేలర్ మాత్రం ఆగడు. ఆయనకు 30 రోజుల్లో కట్టాలి. అంటే 180 పెట్టి కొన్న బేరింగ్‌కు నెలకే డబ్బు కట్టి, 280 కోసం ఐదు నెలలు ఎదురుచూస్తున్నాం. కొన్ని రావు కూడా. నగదు ఇచ్చేవాళ్లకు 260, అరువుకు 280 అని బాబాయి నోట్లో ఎందుకు తేడా వస్తోందో అప్పుడు అర్థమైంది. ఇరవై రూపాయలు ఐదు నెలల వడ్డీ. అదీ ఎవరికీ చెప్పని వడ్డీ.

రేట్లు బిగించి, అరువు ఆపేసి, ఆన్‌లైన్ ధరకే సామాను ఇచ్చి లేబర్ గంటల లెక్కన తీసుకుందాం అని నేను చెప్పి చూశాను. చదువుకున్నవాడి సలహా అది. బాబాయి వినే విన్నాడు. తర్వాత ఖాతా పుస్తకం తెరిచి ఒక పేజీ చూపించాడు. 2019 నుంచి ఉన్న బాకీ. ఆ రైతు చెరువుకు జబ్బొచ్చి పోయింది, తర్వాత కౌలు వదిలేశాడు. ఇప్పుడు వేరే చోట చెరువులు చూసుకునే పనికి వెళ్తున్నాడు. అయినా ఆ కొత్త యజమానుల మోటార్లన్నీ మన షాపుకే పంపిస్తాడు. "ఇది రావాల్సిన బాకీ అని రాసుకో. ఇచ్చేశాడని నా మనసులో ఉందిలే," అన్నాడు.

నా షీట్‌లో దానికి కాలమ్ లేదు.

అలాగని ఏదీ మారకుండా ఉంటే షాపు నిలబడదు, అది ఆయనకూ తెలుసు. మా హెల్పర్ కుర్రాడు రోజుకు 600 కంటే ఎక్కువ ఇచ్చే చోటు కోసం చూస్తున్నాడు. వాడు వెళ్లిపోతే రాత్రి చెరువు గట్టు మీదికి ఎక్కేవాళ్లు లేరు. బాబాయికి మోకాళ్లు నొప్పి. నేను ఎన్నాళ్లుంటానో నాకే తెలియదు.

రెండు వారాలు వాదించుకుని చివరికి మధ్యస్థంగా ఒక పని చేశాం. సామాను ధరలు కొంత తగ్గించాం, ఆన్‌లైన్‌కు మరీ దగ్గరగా కాదు గానీ, ఫోన్ చూపించినా మాట్లాడుకోగలిగేంత. బేరింగ్ 280 నుంచి 230కి వచ్చింది. గేర్‌బాక్సు లేబర్ 250 నుంచి 350 అయింది. లెక్క వేసుకోండి, బిల్లు మొత్తం అదే 1,020. కస్టమర్ జేబులోంచి ఒక్క రూపాయి ఎక్కువ పోలేదు. మారిందల్లా ఆ డబ్బు దేనికో కాగితం మీద కనిపించడమే.

మొదటి వారం ఇద్దరు ముగ్గురు లేబర్ పెరిగిందని గింజుకున్నారు. సామాను తగ్గిందని ఒక్కరూ అనలేదు, అదీ మన జనం. కానీ ఒక సంగతి మాత్రం నేను అనుకోనిది. మా హెల్పర్ బిల్లు పుస్తకంలో లేబర్ గడి చూసి "అన్నా, ఇందులో నాదెంత?" అని అడిగాడు. ఇన్నాళ్లూ అడగడానికి గడి లేదు పాపం. ఈ నెల నుంచి వాడికి రోజుకు 700.

బోర్డు కూడా ఒకటి రాయించాం, తెల్ల ఫ్లెక్సీ మీద నీలం అక్షరాలు. గేర్‌బాక్సు సర్వీసు ఇంత, వైండింగ్ హెచ్‌పీకి ఇంత, పాత రాగి తూచి బిల్లులో తగ్గించబడును, మీ సామాను మీరు తెస్తే లేబర్ 500, గ్యారంటీ లేదు. రాత్రి 10 తర్వాత వస్తే అదనం ఎంత అనే గీత దగ్గర బాబాయి పెయింటర్ని ఆపేశాడు. అక్కడ అంకె లేదు, ఖాళీగా ఉంది. ఎంత వేయమంటావని నేను రెండుసార్లు అడిగాను. "అది చెరువును బట్టిరా," అన్నాడు. ఫ్లెక్సీ అలాగే కట్టేశాం.